మందు మింగించడంతో పని అయిపోదు

బ్రిటన్‌లో జీర్ణకోశ వ్యాధుల వార్డులో నర్సుగా చేరిన తర్వాత నాకు ముందుగా బోధపడిన సంగతి ఒకటుంది. ఇక్కడ మందుల ట్రాలీ తోసుకుంటూ మంచం మంచానికీ తిరిగే నర్సు, డాక్టరు రాసినది రోగి చేత మింగించి, సంతకం పెట్టి వెళ్లిపోయే మనిషి కాదు. ఈ మందు ఈ పూట ఇవ్వవచ్చునా, తిండికి ముందు ఇవ్వాలా తర్వాత ఇవ్వాలా, నిన్న ఇచ్చినది పనిచేసిందా, చేయకపోతే ఆ మాట ఎవరికి ఎంత త్వరగా చేరాలి అన్నవన్నీ ఆమె తేల్చుకోవలసిన ప్రశ్నలే. విదేశాల్లో చదివి వచ్చినవారు ఈ దేశంలో నర్సుగా నమోదు కావడానికి రాసే ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్షలోనూ మందుల పట్టిక చదివి, అలర్జీలు చూసుకుని, ఇవ్వకూడనిదాన్ని ఆపి, ఎందుకు ఆపామో రాయగలమా అని చూస్తారు. పరీక్ష గదిలో అది కొన్ని నిమిషాల పని, వార్డులో మాత్రం షిఫ్ట్ అంతా అదే పని.

రోగులకు మలమూత్రాలు ఎత్తడం, ఒళ్లు తుడవడం కూడా ఇక్కడ నర్సుల పనేనని విని మన వాళ్లు చాలామంది నొచ్చుకుంటారు. అంత చదువు చదివి విదేశానికి వెళ్లింది ఇందుకా అని బాధపడతారు. వాళ్ల ప్రేమను నేను కాదనను. అయితే జీర్ణకోశ వార్డులో ఆ పనే అసలు వైద్య పరిశీలన అని నేను గట్టిగా నమ్ముతాను. ఇక్కడ వాడే మందుల్లో చాలావరకు మంచి చేశాయో చెడు చేశాయో ముందుగా తెలిసేది బెడ్‌పాన్‌లోనే. బ్రిస్టల్‌లో పరిశోధకులు రూపొందించి 1997లో ప్రచురించిన, మలాన్ని ఏడు రకాలుగా చూపే పట్టిక ప్రతి రోగి ఫైలులోనూ ఉంటుంది. గట్టి ఉండల్లా వస్తే ఒకటో రకం, పూర్తిగా నీళ్లలా వస్తే ఏడో రకం, మూడూ నాలుగూ ఆరోగ్యకరమైనవి. షిఫ్ట్ మారేటప్పుడు ఒకరికొకరం అప్పగించుకునే వివరాల్లో రక్తపోటుతో పాటు ఇదీ ఉంటుంది. మలబద్ధకానికి రాసిన మందు, మందుల పట్టికలో ఇంకా నడుస్తూనే ఉండి, రాత్రి నుంచి రోగికి ఆరో రకం విరేచనాలు అవుతుంటే, ఉదయం ఆ మందు ఆపి డాక్టరుకు చెప్పవలసింది నర్సే. అలాగే నొప్పికి ఇచ్చే, పేగును మందగింపజేసే కోడీన్ గాని మార్ఫిన్ గాని మొదలైన రోజే పేగు కదలిక గురించి అడగడం మొదలుపెట్టాలి తప్ప, నాలుగు రోజులు గడిచి కడుపు బిగిశాక కాదు.

కాలేయం గట్టిపడి పాడైపోయిన లివర్ సిరోసిస్ రోగుల విషయంలో ఈ లెక్క మరీ సూక్ష్మం. పేగులో తయారయ్యే అమ్మోనియాను శుద్ధి చేయవలసిన కాలేయం ఆ పని చేయలేకపోతే అది మెదడు మీద ప్రభావం చూపుతుంది. దానికి వాడే లాక్టులోజ్ అనే తియ్యటి సిరప్‌ను బయట మలబద్ధకం మందుగానే ఎరుగుదుము. ఇక్కడ దాని ఉద్దేశం వేరు. రోజుకు రెండు మూడు సార్లు మెత్తటి విరేచనం అయ్యేలా మోతాదును సర్దుతూ ఉండాలి. అంతకన్నా తగ్గితే అమ్మోనియా పేరుకుని రోగి మగతలోకి జారతాడు. మరీ ఎక్కువైతే ఒంట్లో నీరూ పొటాషియమూ తగ్గిపోయి, ఏ అయోమయాన్ని తగ్గించాలని మందు ఇస్తున్నామో అదే పెరుగుతుంది. రోగులకు ఈ సిరప్ అంటే విసుగు, ఎన్నిసార్లు బాత్రూముకు పంపుతారని కోప్పడతారు. వద్దనే హక్కు వాళ్లకు ఉంది కాబట్టి బలవంతం చేయలేము, మంచం పక్కన కూర్చుని ఎందుకు ఇస్తున్నామో విడమరిచి చెప్పాలి. ఆ మాటల్లోనే రోగి పరిస్థితి కూడా తెలిసిపోతుంది. నిన్న సరిగ్గా మాట్లాడిన మనిషి ఈ రోజు తేదీ తడబడినా, పగలు నిద్రపోయి రాత్రి మేలుకుంటున్నా, చేతులు ముందుకు చాచి మణికట్టు పైకి ఎత్తి ఉంచమంటే అరచేతులు రెపరెపమని జారిపోతున్నా, ఇక ఆలస్యం చేయకూడదు. ఇటువంటి పరిస్థితి మళ్లీ మళ్లీ వచ్చేవారికి లాక్టులోజ్‌తో పాటు రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఇస్తారు.

ఇదే రోగుల్లో అన్నవాహికలో ఉబ్బిన సిరలు చిట్లి రక్తం పోయే ప్రమాదమూ ఉంటుంది. మలం నల్లగా ఉందని రోగి చెప్పినప్పుడు, ఐరన్ మాత్రల వల్ల వచ్చిన నలుపా, జీర్ణాశయంలో కారిన రక్తం వల్ల వచ్చిన నలుపా అని కళ్లతో చూసి గుర్తించాలి. ఐరన్ వల్ల వచ్చేది నల్లగా, కాస్త ఆకుపచ్చ జీరతో, మామూలు రూపంలోనే ఉంటుంది. రక్తం వల్ల వచ్చేది తారులా మెరుస్తూ, అంటుకుంటూ ఉంటుంది, దాని వాసన ఒక్కసారి తెలిసిన నర్సు మళ్లీ పొరబడదు. ఆసుపత్రులన్నిటా వాడే న్యూస్ టూ అనే స్కోరు, శ్వాస, ఆక్సిజన్, రక్తపోటు, నాడి, స్పృహ, ఉష్ణోగ్రతల ఆధారంగా, ఐదు గాని అంతకు మించి గాని వస్తే డాక్టరును వెంటనే పిలవమనీ, ఏడు గాని అంతకు మించి గాని వస్తే అత్యవసర బృందాన్ని పిలవమనీ చెబుతుంది. ఎంతో విలువైన పద్ధతి అది. అయితే సిరోసిస్ రోగులు చాలామంది ప్రొప్రనొలాల్, కార్వెడిలాల్ వంటి మందులు వాడుతుంటారు, అవి నాడి వేగాన్ని అణచి ఉంచుతాయి. లోపల రక్తం పోతున్నా నాడి పెరగకపోవచ్చు, స్కోరు తక్కువే చూపవచ్చు. అలాంటి చోట అంకెలు బాగున్నాయి కదా అని ఊరుకోకుండా, నేను చూసింది ఇది, నాకు ఆందోళనగా ఉంది, మీరు వచ్చి చూడాలి అని ఫోనులో నిక్కచ్చిగా చెప్పగలగాలి. పెద్ద డాక్టరుకు ఎదురు మాట్లాడకూడదన్న వినయంలో పెరిగి వచ్చిన మనకు ఇది మొదట్లో కష్టంగానే ఉంటుంది. ఇక్కడ డాక్టర్లను కూడా పేరు పెట్టి పిలుస్తారు, నర్సు అనుమానం చెబితే తప్పుగా అనుకోరు, చెప్పకపోతేనే నిలదీస్తారు.

ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ జాతి మందులు ప్రతి వార్డులోనూ నీళ్లలా ఖర్చవుతాయి, వాటి వేళను మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోరు. జీర్ణాశయ కణాల్లో ఆమ్లాన్ని విడుదల చేసే పంపులు తిండి పడినప్పుడే ఎక్కువగా మేలుకుంటాయి. మందు అప్పటికే రక్తంలో ఉంటేనే వాటిని పట్టుకోగలదు. అందుకే తినడానికి అరగంట ముందు ఇవ్వాలంటారు. ఉదయం మందుల రౌండూ అల్పాహారమూ ఒకేసారి వచ్చే వార్డుల్లో ఈ ఒక్క మాత్రను రాత్రి షిఫ్ట్ నర్సులు తెల్లవారుజామునే ఇచ్చేలా సమయం మార్పించుకోవడం మంచి పద్ధతి. కడుపులో పుళ్లకు హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా ముఖ్య కారణమని నిరూపించినందుకు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బాక్టీరియా ఉందో లేదో చూసే శ్వాస పరీక్షకు రెండు వారాల ముందే ఒమెప్రజోల్ ఆపాలి, లేకపోతే ఉన్నది లేనట్టు కనిపించవచ్చు. పరీక్షకు పంపే ముందు ఆ మాట అడగడం చిన్న పని, మరిచిపోతే పరీక్షంతా వృథా.

వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ విషయంలో యువతులను ప్రత్యేకంగా కనిపెట్టి ఉండాలి. మెడ ఒక పక్కకు తిరిగిపోయి, కళ్లు పైకి బిగుసుకుపోతే చూసేవారు మూర్ఛ అనుకుంటారు, అది చాలావరకు ఆ మందు దుష్ఫలితమే. ఐదు రోజులకు మించి వాడవద్దనే నియమం ఐరోపా అంతటా వచ్చింది అందుకే. పేగు మూసుకుపోయిందన్న అనుమానం ఉంటే ఈ మందు అసలు ఇవ్వకూడదు. అలాగే యాంటీబయాటిక్స్ వాడుతున్న రోగికి హఠాత్తుగా విరేచనాలు మొదలైతే, వాటిని ఆపే లోపెరమైడ్ కోసం చేయి చాచకుండా ముందు నమూనా పంపాలి, రోగిని వేరే గదిలోకి మార్చాలి. ఇటువంటి విరేచనాలకు కారణమయ్యే క్లాస్ట్రిడియోయిడీస్ డిఫిసిల్ అనే బాక్టీరియా బీజాలు ఆల్కహాల్ జెల్‌కు చావవు, సబ్బు నీళ్లతో చేతులు కడుక్కోవడమే మార్గం.

ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇచ్చేవారికి, గొట్టం జీర్ణాశయంలోకే చేరిందో లేదో తెలుసుకోవడానికి అందులోకి గాలి కొట్టి స్టెత్‌తో చప్పుడు వినే పాత అలవాటును ఇక్కడ పూర్తిగా నిషేధించారు. లోపలి ద్రవాన్ని కొద్దిగా లాగి, ఆమ్లత్వాన్ని చూపే పీహెచ్ కాగితం మీద వేస్తే 5.5 లేదా అంతకన్నా తక్కువ రావాలి. ఆమ్లాన్ని తగ్గించే మందులు వాడేవారిలో అంకె ఎక్కువగా రావచ్చు, అప్పుడు ఎక్స్‌రే తీయించాకే ఆహారం మొదలుపెడతాము.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మాత్రం ఇలియోస్టమీ రోగుల సంరక్షణ. పెద్ద పేగు తీసేసి, చిన్న పేగు చివరను పొట్ట మీదకు తెచ్చి సంచి అమర్చిన తర్వాత, కొందరిలో రోజుకు రెండు లీటర్ల వరకూ ద్రవం బయటకు పోతుంది. రోగికి విపరీతమైన దాహం. చూసేవారికి జాలి కలిగి నీళ్లు ఇస్తూనే ఉంటారు. తాగిన కొద్దీ సంచి నిండుతుంది, దాహం పెరుగుతుంది, ఎందుకంటే ఉప్పు లేని నీరు చిన్న పేగులోకి చేరితే ఒంట్లోని సోడియంను లాక్కుని బయటకు పోతుంది. అందువల్ల మామూలు నీళ్లను పరిమితం చేసి, ఉప్పూ గ్లూకోజూ కలిపిన ద్రావణాన్ని గుక్క గుక్కగా తాగించాలి, తిండికి అరగంట ముందు లోపెరమైడ్ ఇవ్వాలి. దాహంతో ఉన్న మనిషికి నీళ్లు తగ్గించడం మనసుకు నిష్ఠురమైన పని. ఎందుకో రోగికీ ఇంటివారికీ అర్థమయ్యేలా చెప్పకపోతే మనం క్రూరంగా ఉన్నామనుకుంటారు.

ఆ సంచి ఖాళీ చేసే ప్రతిసారీ కొలిచి రాయడంతో పాటు లోపల ఏముందో చూడాలి. ఒకసారి ఒక పెద్దావిడ సంచిలో, పొద్దున నేనే ఇచ్చిన తెల్లటి మాత్ర ఏమాత్రం కరగకుండా, దాని మీది అంకె సైతం చెరగకుండా కనిపించింది. పేగులో నెమ్మదిగా కరిగేలా చేసిన పూత మాత్రలకు అంత పొట్టి దారిలో కరిగే వ్యవధి ఉండదు. పట్టికలో సంతకం ఉంది, మందు మాత్రం ఒంటికి అందలేదు. ఫార్మసిస్టును పిలిపించి, ఆవిడ మందులన్నీ ఒక్కొక్కటే చూసి, వీలైనవాటిని ద్రవరూపంలోకీ వెంటనే కరిగే రకాలలోకీ మార్పించాము. పూత మాత్రను నలిపి ఇవ్వడం దీనికి విరుగుడు కాదు, కొన్నిటిలో అది రోజంతటి మోతాదును ఒక్కసారిగా వదిలేస్తుంది. డిశ్చార్జి నాడు ఆవిడ చేతికి ఇచ్చిన కాగితంలో మందుల పేర్ల పక్కన ఏ రూపంలో తీసుకోవాలో కూడా రాయించాము, ఆ ప్రతి ఒకటి ఆవిడ కుటుంబ డాక్టరుకూ పంపించాము.