రీబెలో ఉప్పెన గీతలు

డెన్మార్క్ పడమటి తీరం దగ్గరి రీబె అనే ఊరికి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా వైకింగులనే పాతకాలపు సముద్రయోధుల కోసం వెళతారు. కరపత్రాల్లో ముందు పేజీ వాళ్ళదే, స్టేషన్‌కి ఎదురుగా ఉన్న మ్యూజియమూ వాళ్ళదే. నన్ను రెండు రోజులూ మళ్ళీ మళ్ళీ తన దగ్గరికి రప్పించింది మాత్రం ఏటి ఒడ్డున నిలబెట్టిన ఒక కొయ్య స్తంభం. దాని చుట్టూ ఇనుప పట్టీలు వేసి, ఒక్కో పట్టీ మీద ఒక్కో ఏడాది రాశారు. ఆ ఏడాది సముద్రం ఊళ్ళోకి వచ్చి ఎంతెత్తున నిలిచిందో అక్కడ పట్టీ ఉంటుంది. చాలా పట్టీలు మన ఎత్తుకి అటూ ఇటూగా ఉంటాయి. అన్నిటికంటే పైనున్న 1634 పట్టీని చూడాలంటే మాత్రం మెడ వెనక్కి వంచాలి.

దివిసీమ ఎరిగినవాళ్ళకి ఆ పట్టీని విడమరిచి చెప్పక్కర్లేదు. మనకి ‘ఉప్పెన’ అన్న ఒక్క మాట చాలు.

కోపెన్‌హేగెన్ నుంచి వచ్చేవాళ్ళు బ్రామింగ్‌లో రైలు మారాలి. మొత్తం మూడు, మూడున్నర గంటల ప్రయాణం. దగ్గరి రేవు పట్టణం ఎస్బ్యెర్ నుంచైతే అరగంట దాటగానే దిగిపోవచ్చు. ఊరి జనాభా ఎనిమిది వేల చిల్లర, పాత ఊరంతా కాలినడకన తిరిగేదే. ధరలు మాత్రం చిన్న ఊరివి కావు. కాఫీ 45 క్రోనర్లు. క్రోనరంటే మన పన్నెండు రూపాయల పైనే, లెక్క మీరే వేసుకోండి. రెండో పూట నుంచి సూపర్ మార్కెట్లో రొట్టె, చీజ్ కొనుక్కుని ఏటి గట్టున కూర్చుని తినడమే మేలు.

ముందు ఊరి నైసర్గికం తెలియాలి. తూర్పున ఇసుక మెరక, పడమట పర్ర, అంటే తడి పల్లపు నేల. మెరక చివర, ఏటిని సులువుగా దాటగలిగిన చోట ఊరు పుట్టింది. ఏటి పేరు రీబె ఓ. డేనిష్‌లో ‘ఓ’ అంటే ఏరు. ఇంకా పడమటికి పోతే వంతెన వేయడానికి గట్టి నేల దొరకదు, తూర్పుకి పోతే సముద్రపు పడవలు రావు. రెంటికీ పొసిగిన చోటు ఇదొక్కటే. సుమారు 700–710 ప్రాంతంలో ఉత్తరపు ఒడ్డున సంత మొదలైంది. పూసలు చేసేవాళ్ళు, దుప్పి కొమ్ముతో దువ్వెనలు కోసేవాళ్ళు, కంచు పోతపోసేవాళ్ళు వరసగా గుడిసెలు వేసుకున్నారు. డెన్మార్క్‌లో ఇంతకంటే పాత పట్టణం లేదు.

ఊరి నడిమి బజారు పేర్లు గమనించండి: ఓవర్‌డామెన్, మెలెమ్‌డామెన్, నేడర్‌డామెన్. అంటే పై కట్ట, నడి కట్ట, దిగువ కట్ట. నడుస్తున్నంతసేపూ బజారనే అనిపిస్తుంది, నిజానికి కాలి కింద ఉన్నది మధ్యయుగాల్లో మరలు తిప్పడానికి ఏటికి అడ్డంగా వేసిన ఆనకట్ట. కట్టకి ఎగువన నీరు నిండుగా, కదలకుండా ఉంటుంది, దిగువన మట్టం బాగా తక్కువ. సముద్రపు పోటు ఒకప్పుడు ఈ దిగువ నీటి దాకా వచ్చేది. ఓడలు ఆగిన స్కిబ్రోన్ రేవు, మన స్తంభం రెండూ ఆ దిగువనే ఉన్నాయి.

ఊరి పెద్ద చర్చి, కతీడ్రల్, కట్టడం సుమారు 1150లో మొదలుపెట్టారు. అక్కడ కట్టడానికి పనికొచ్చే రాయి దొరకదు. రైన్ నది వైపు నుంచి తేలికైన అగ్నిపర్వతపు రాయిని ఓడల్లో తెచ్చి పేర్చారు. అంత రాయిని సముద్రం మీద తెప్పించుకోగలిగిందంటే ఈ రేవు సంపాదన ఏపాటిదో ఆ గోడలే చెబుతాయి. గుడిలోకి మెట్లు దిగి వెళ్ళాలి. గుడి కుంగిపోయిందనుకుంటారు చాలామంది, అది కాదు. ఎనిమిది వందల ఏళ్ళ చెత్త, పేడ, కాలిన ఇళ్ళ మట్టి పేరుకుని చుట్టూ ఊరే ఎత్తు పెరిగింది. ఒకప్పుడు ఊళ్ళోకెల్లా మెరక చోటు గుడిదే. 1634 అక్టోబర్ 11 రాత్రి ఆ మెరక మీది గుడిలో కూడా మీటరున్నర పైన నీళ్ళు నిలిచాయి. లోపల స్తంభం మీద ఆ గుర్తు ఉంది. గర్భాలయం వైపు డేనిష్ చిత్రకారుడు కార్ల్-హెన్నింగ్ పెడర్సన్ 1980ల్లో చేసిన రంగుల మొజాయిక్ చూపుని లాగేస్తుంది కాబట్టి ఆ గుర్తు చాలామంది కంట పడదు. అడిగి చూడండి.

పక్కనున్న ఎర్ర ఇటుకల గోపురం 52 మీటర్లు, మెట్లు 248. దీని చోట అంతకుముందున్న గోపురం 1283 క్రిస్మస్ నాడు జనం మీద కూలింది. 1333 నాటి ఈ గోపురం గుడి కంటే ఊరి అవసరానికే ఎక్కువ పనికొచ్చింది. శత్రువు వస్తున్నాడా, ఎక్కడైనా నిప్పంటుకుందా, సముద్రం లేస్తోందా అని కావలి కాసేది, గంట కొట్టేది ఇక్కడి నుంచే. మెట్లు ఇరుకు, దిగేవాళ్ళు ఎదురొస్తే ఒకరు ఆగాల్సిందే. పొద్దున్నే ఎక్కితే ఆ బాధ తప్పుతుంది. పైన పడమటి గాలి వేసవిలోనూ చెవులు కోస్తుంది, టోపీ ఉండాలి. పైనుంచి పడమట చూస్తే పచ్చటి పలక పరిచినట్టు పర్ర, దాని అంచున సన్నని గీతలా కరకట్ట, ఆపైన బూడిదరంగు నీరు. ఊరికీ నీటికీ మధ్య అడ్డుగా ఉన్నది ఆ గీత ఒక్కటే.

1634 రాత్రి ఆ గీత కూడా లేదు. నీరు మామూలు మట్టం మీద 6 మీటర్లు దాటి లేచింది. నైరుతి గాలితో మొదలైన తుఫాను సాయంత్రానికి వాయవ్యానికి తిరిగింది, ప్రమాదం ఆ తిరగడంలోనే ఉంది. వాయవ్యపు గాలి ఉత్తర సముద్రం నీటినంతా ఆగ్నేయ మూలకి నెడుతుంది. ఆ మూల ఇరుకు, పైగా లోతు తక్కువ. లోతుంటే పైకొచ్చిన నీరు అడుగునుంచి వెనక్కి మళ్ళుతుంది, ఇక్కడ ఆ దారి లేదు కాబట్టి పోగుపడుతూనే ఉంటుంది. దక్షిణాన స్ట్రాండ్ అనే దీవిలోనే 6 వేలకు పైగా జనం పోయారు. దీవి ముక్కలై ఇప్పుడు నోర్డ్‌స్ట్రాండ్, పెల్‌వోర్మ్ అనే వేరువేరు చోట్లుగా మిగిలింది.

మన తీరంలోనూ లోతు తక్కువ కావడమే కొంప ముంచుతుంది. తేడా కాలంలో ఉంది. మన తుఫాను చిన్నది, బిగువైనది. 1977 నవంబర్ 19న దివిసీమ మీదికి సుమారు 5 మీటర్ల నీరు కొన్ని గంటల్లోనే వచ్చి వెళ్ళింది. అధికారిక లెక్కే పది వేల ప్రాణాలు. ఉత్తర సముద్రపు తుఫాను వెయ్యి మైళ్ళ మేర పరుచుకుని రోజంతా ఊదుతుంది, ఒక్కోసారి రెండు పోట్ల మీదుగా సాగుతుంది. మొదటి పోటుకి వచ్చిన నీరు పాటుకి, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళకి, తీయకుండానే రెండో పోటు దాని మీదికెక్కుతుంది. అందుకే అక్కడివాళ్ళు గాలి వేగం ఎంతని అడిగి ఊరుకోరు, తుఫాను ముదిరే వేళకి పోటా, పాటా అని అడుగుతారు. 1999 డిసెంబర్ 3న వచ్చిన తుఫానుకి రీబె దగ్గర నీరు 5 మీటర్లు దాటింది. అది పాటు వేళ కావడం వల్ల కట్ట నిలిచింది.

ఊరు క్షీణించిన కథ వింటుంటే నాకు బందరే గుర్తొచ్చింది. 1580లో అగ్నిప్రమాదం 213 ఇళ్ళని కాల్చేసింది. ఆ తరవాత 1634 ఉప్పెన, స్వీడన్ యుద్ధాలు, 1659లో ప్లేగు. ఏటిలో మేట పెరిగి పెద్ద ఓడలు లోపలికి రావడం మానేశాయి. 1864 యుద్ధంలో దక్షిణపు సీమ జర్మన్ల చేతికి పోయి, సరిహద్దు ఊరి గుమ్మం ముందుకొచ్చింది. 1868లో ఎస్బ్యెర్‌లో కొత్త రేవు కట్టాలని నిర్ణయించాక వర్తకమంతా అటే నడిచింది. ఆ 1864లోనే, నవంబర్ 1న, బందరు ఉప్పెనలో సుమారు 30 వేలమంది పోయారు. బందరుకీ మేట బాధే, ఓడలు మైళ్ళ దూరాన లంగరు వేసేవి. 1933లో విశాఖ రేవు తెరిచాక పెద్ద ఓడలకి అక్కడే నెలవు. ఈ డెన్మార్క్ వాళ్ళు కూడా 17వ శతాబ్దంలో బందరులో కొంతకాలం వర్తకశాల నడిపినవాళ్ళే.

డబ్బు లేకపోవడమే రీబెని కాపాడింది. పాతవి పడగొట్టి కొత్తవి కట్టే తాహతు ఎవరికీ లేక, 1580 తరవాత లేచిన కర్రచట్రాల ఇళ్ళు వీధులకి వీధులు అలాగే మిగిలాయి. గోడలు వంగి ఉంటాయి, గుమ్మాలు వాలి ఉంటాయి, ఒక్కో ఇంటి ముందూ గోడకి పాకిన గులాబీ. వేసవి రాత్రుల్లో వైస్ స్టూ అనే పాత సత్రం ముందు నుంచి గస్తీవాడు లాంతరు పట్టుకుని పాడుతూ బయల్దేరతాడు. వెంట నడవడానికి డబ్బు కట్టక్కర్లేదు. నిజమైన గస్తీ ఉద్యోగం 1902లో ముగిసింది, 1935లో చూడవచ్చేవాళ్ళ కోసం మళ్ళీ మొదలుపెట్టారు. నిప్పు, నీరు రెంటినీ కనిపెట్టి ఉండటమే ఆ ఉద్యోగం.

కరకట్ట చూడకుండా ఊరు అర్థం కాదు. సైకిల్ అద్దెకి తీసుకుని ఏటి వెంట పడమటికి ఆరేడు కిలోమీటర్లు పోతే కామర్‌స్లూసెన్ వస్తుంది, మన డెల్టా భాషలో లాకు. దారంతా బల్లపరుపే, కానీ పోయేటప్పుడు గాలి ఎదురు. మామూలుగా పాతిక నిమిషాల దూరానికి గంట పట్టింది. తిరుగు ప్రయాణంలో తొక్కకుండానే వచ్చేయొచ్చు కాబట్టి పోయేటప్పుడు తొందరపడకండి.

1909, 1911 ఉప్పెనల కాలంలో ఊరివాళ్ళు తెగించి కట్ట పని మొదలుపెట్టారు. లాకు 1912 నాటిది. 1980 ప్రాంతంలో కట్టని ఇంకా ఎత్తు చేశారు, ఇప్పుడు దాదాపు 7 మీటర్లు. లోపల ఇసుక, పైన మందంగా బంకమట్టి, దాని మీద గడ్డి. సముద్రం వైపు వాలు చాలా తక్కువగా, సులువుగా నడిచి ఎక్కేలా ఉంటుంది. అల ఆ వాలు మీద పరిగెత్తి పరిగెత్తి సత్తువ పోగొట్టుకోవాలని అలా కట్టారు. ఊరి వైపు వాలు నిటారు, అసలు బలహీనత అక్కడుంది. కట్ట చాలాసార్లు ముందునుంచి కాదు, వెనకనుంచి తెగుతుంది. నీరు శిఖరం దాటి వెనక్కి దూకితే గడ్డి లేస్తుంది, మట్టి కోసుకుపోతుంది, ఇసుక బయటపడుతుంది, ఆపైన ఎవరూ ఆపలేరు.

అందుకే గడ్డి కాపుదల మీద వాళ్ళకి అంత పట్టుదల. కట్ట పొడుగునా గొర్రెల్ని మేపుతారు. గొర్రె గడ్డిని పొట్టిగా కొరుకుతుంది, గిట్టలతో మట్టిని అదుముతుంది. ఆవుని ఎక్కించరు, దాని బరువుకి తడిమట్టి తెగుతుంది. ఎలుక బొరియ, ఎండకి విచ్చిన పగులు, బండి చక్రాల గాడి, ఏది కనిపించినా చలికాలం రాకముందే పూడ్చాలి. గేట్లు తీసి వెళితే గొర్రెలు పోతాయి, తీసినవాళ్ళే మూయాలి. మన సముద్రపు కరకట్టల మీద ట్రాక్టర్లు తిరిగి గాడులు పడటం, గండ్లు ఏళ్ళకేళ్ళు అలాగే ఉండటం చూసినవాడిగా చెబుతున్నాను: అక్కడి కట్టలో మనకి చేతకానిదేమీ లేదు, ఏటేటా చూసుకోవడం తప్ప.

లాకుకి ఒక చిక్కుంది. సముద్రం ఏటి కంటే పైకి లేస్తే తలుపులు మూతపడతాయి. అప్పుడు ఏటి నీరు పోవడానికి దారుండదు. తుఫానుతోపాటు వానా ఉంటే ఆ నీరంతా కట్టకి లోపలే పర్ర మీద పరుచుకుంటుంది. అందుకే లాకుకీ ఊరికీ మధ్య ఇళ్ళు కట్టకుండా పచ్చిక వదిలేశారు. మొదటిసారి చూసినప్పుడు ఇంత నేల ఖాళీగా ఎందుకుందా అనిపిస్తుంది, నీరు నిలవడానికే ఉంది.

రెండో రోజు మాండో దీవికి. రీబెకి నైరుతిన వెస్టర్ వెడ్‌స్టెడ్ అనే పల్లె నుంచి ట్రాక్టర్ లాగే బస్సు పోతుంది. పడవ కాదు, సముద్రపు అడుగు మీద నడిచే బండి. కంకర దారి రోజుకి రెండుసార్లు మునుగుతుంది. పోటుకీ పోటుకీ నడుమ 12 గంటల 25 నిమిషాలు కాబట్టి బస్సు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. నిన్నటి వేళ నమ్ముకుని వెళితే అక్కడ బస్సు ఉండదు. పట్టికలోని వేళ కూడా నిశ్చలమైన గాలికి వేసిన లెక్క. పడమటి గాలి గట్టిగా ఉంటే పాటు వేళకీ నీరు తీయదు, బస్సు ఆలస్యమవుతుంది, ఒక్కోసారి పోనే పోదు. సొంత కారుతోనో నడిచో దాటుదామనుకునేవాళ్ళు చిక్కుకునేది ఇక్కడే. పొగమంచు పడితే అసలు దిగకూడదు, నాలుగడుగుల్లో దిక్కు తప్పుతుంది.

ఆ రోజు గాలి పడమటిదే. పట్టిక ప్రకారం దారి తేలి ఉండాలి, కళ్ళముందు మాత్రం నీరే. డ్రైవరు ఇంజన్ ఆపి, దారి పక్కన పాతిన గుర్తు కొయ్యల మీద తడి ఎంత దిగిందో చూస్తూ కూర్చున్నాడు. అరగంట దాటింది. ఎవరూ తొందరపెట్టలేదు. కొయ్యల మీద తడి జానెడు దిగాక, నీటిలోంచి ముందు ఒక కంకర వీపు, దాని వెనకాల ఇంకొకటి పైకొచ్చాయి. అతను ఇంకో పది నిమిషాలు ఆగి, అప్పుడు ఇంజన్ వేశాడు.