బీరు కుళాయిలోంచి కాఫీ: నా నైట్రోజన్ తిప్పలు

ముందే చెప్పేస్తా, గ్లాసులో ఉన్నది బీరు కాదు. ఐర్లండ్ వాళ్ల స్టౌట్ పోస్తున్నప్పుడు నల్లటి బీరులో బుడగలు కిందికి జారుతున్నట్టు కనపడి, పైన మీగడలాంటి నురగ కడుతుందే, నాక్కావలసింది ఆ పోత. బీరేమో మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో చేస్తే 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఊరుకోదు. అందుకని అరకు కాఫీని పట్టుకున్నాను.

బీరులోకి నైట్రోజన్ ఎక్కించి పోసే ఈ పద్ధతిని గిన్నిస్ అనే ఐర్లండ్ బీరు కంపెనీ వాళ్లు 1959లో తెచ్చారు. దాని వెనకున్న మైఖేల్ యాష్ అసలు లెక్కల మనిషి. నైట్రోజన్ నీళ్లలో ఓ పట్టాన కరగదు, కార్బన్ డయాక్సైడ్‌లో యాభయ్యో వంతుకు మించదు. ఒత్తిడి పెట్టి దూర్చాలి. కుళాయిలో సన్నని బెజ్జాల బిళ్ల ఒకటుంటుంది. అందులోంచి దూరేటప్పుడు ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, లోపలున్న కాస్త గ్యాసూ నలుసుల్లాంటి బుడగలై విడిపోతుంది. బయటి గాలిలో 78 శాతం అదే గ్యాసు కనక అవి తొందరగా చితికిపోవు. స్టౌట్‌కి సుమారు మూడొంతుల నైట్రోజన్‌కి ఒక వంతు కార్బన్ డయాక్సైడ్ కలిపి వాడతారు. కాఫీకి అది కలిస్తే పులుపెక్కుతుంది, నైట్రోజన్ ఒక్కటే చాలు.

సిలిండర్ కోసం ఆటోనగర్ వెళ్తే, "ఏసీ పనికా సార్?" అన్నాడు దుకాణం కుర్రాడు. కాఫీకన్నాను. ఓసారి ఎగాదిగా చూసి, "చిప్స్ ప్యాకెట్ల వాళ్లు పట్టుకెళ్లేది ఇస్తా" అన్నాడు. వాడికి విషయం తెలుసు. వెల్డింగు పనికిచ్చేది వేరు, తినే వస్తువులకు వాడే ఫుడ్ గ్రేడ్ వేరు. కాగితం అడిగి మరీ తీసుకోవాలి.

సిలిండర్ ఒత్తిడిని తగ్గించి వదిలే రెగ్యులేటర్ దగ్గరే చుక్కలు కనిపించాయి. నిండు సిలిండర్‌లో 150 బార్ల దాకా, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 150 రెట్లు, ఒత్తిడి ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ రెగ్యులేటర్ దీనికి పట్టదు, మర వేరు. ఏసీ మెకానిక్కులది పట్టింది గానీ అది పెద్ద ఒత్తిళ్లకు చేసింది, నాక్కావలసిన 40 పీఎస్ఐ (టైర్లలో గాలి కొలిచే లెక్క) దాని మీటర్లో అట్టడుగున ఎక్కడో ఉంది. పైగా అది కేజీల్లో. చదరపు సెంటీమీటరుకి 2.8 కేజీలని లెక్కేసి, స్కెచ్ పెన్నుతో అద్దం మీద గీత పెట్టాను.

కాఫీ పని సులువే. బరకగా ఆడించిన పొడి ఒక వంతు, చల్లటి నీళ్లు ఎనిమిది వంతులు, రాత్రి నానబెట్టి మర్నాడు మధ్యాహ్నం వడకట్టడం. చికోరీ వద్దు. గుడ్డలో ఒకసారి, కాగితం ఫిల్టర్లో ఇంకోసారి వడకట్టాలి, లేకపోతే బిళ్ల బెజ్జాలు పూడిపోతాయి.

కాఫీ మంచులా చల్లబడితేగానీ గ్యాసు నిలవదు. మే నెల బెజవాడలో అదేమన్నా మాటలా! పాత ఫ్రిజ్ అరలు పీకేసి 19 లీటర్ల కెగ్గును, అంటే ఒత్తిడి తట్టుకునే స్టీలు డబ్బాను, అందులో నిలబెట్టాను. కాఫీ పోశాక పైన నాలుగో వంతు ఖాళీ. గ్యాసు పట్టి, మూత మీద రింగు లాగి వదిలి, మళ్లీ పట్టి, అలా లోపలి గాలంతా పోయాక కెగ్గును ఒళ్లో పడుకోబెట్టుకుని ఊపడమే. గ్యాసు లాగుతున్నంతసేపూ రెగ్యులేటర్ సన్నగా బుసకొడుతుంది. ఆ చప్పుడు ఆగిందంటే ఇక పట్టదన్నమాట. తర్వాత రాత్రంతా ఫ్రిజ్‌లో వదిలేశాను.

ఆ చల్లదనం నురగ కోసమే అనుకునేరు. కాఫీలో బీరుకున్న పులుపూ లేదు, ఆల్కహాలూ లేదు. గాలి లేని కెగ్గును బయట వేడిలో వదిలేస్తే బాట్యులిజం అనే ప్రాణాంతకమైన విషాహార జబ్బు తెచ్చే క్రిములు పెరగొచ్చు. 4 డిగ్రీలు దాటనివ్వకూడదు, అందులో పాలు పొయ్యకూడదు. సిలిండర్ని వరండాలో గోడకు గొలుసేసి కట్టాను. నైట్రోజన్‌కి వాసనుండదు, మూసిన గదిలో లీకైతే సంగతి తెలిసేలోపే మనిషి పడిపోతాడు.

కుళాయి తిప్పగానే గ్లాసంతా లేత గోధుమరంగు పొంగు. అది మెల్లగా కిందినుంచి నల్లబడుతుంటే మా బావగారు, "కాఫీ అంటే ఎక్సైజ్ వాళ్లు నమ్మరోయ్" అన్నారు. తాగి, చక్కెర ఎంత వేశావని అడిగారు. అసలు వెయ్యలేదు.

ఒక్క మాట: నేను తెచ్చిన 7 క్యూబిక్ మీటర్ల సిలిండర్ ఇంటికి మరీ ఎక్కువ. ఒకటిన్నర క్యూబిక్ మీటర్ల చిన్నది దొరికితే పది కెగ్గులకు పైనే వస్తుంది, ఇద్దరు మనుషులు పట్టుకుని మెట్లెక్కించే పనీ ఉండదు.