సచివాలయం కౌంటర్ నుంచి గ్రూప్-1 దాకా

గ్రూప్-1 ఫైనల్ లిస్టులో నా హాల్‌టికెట్ నంబరు చూసుకుని ఇవాళ్టికి నాలుగో రోజు. ఇప్పటికీ పొద్దున లేవగానే పీడీఎఫ్ తెరిచి నంబరు అక్కడే ఉందా అని చూసుకుంటున్నాను. ఫోన్ చేసినవాళ్లంతా ఏ కోచింగ్, ఏ బుక్స్ అని అడుగుతున్నారు. బుక్స్ మీ దగ్గరున్నవే. నేను చెప్పదలచుకున్నది సెలెక్ట్ కాని పోయినసారి మెయిన్స్ (రాతపరీక్ష) గురించి, అందులోనూ గవర్నెన్స్ పేపర్ గురించి.

నేను రాయలసీమలో ఒక గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ని. 2019 అక్టోబరు 2న వ్యవస్థ మొదలైనప్పుడు చేరిన మొదటి బ్యాచ్. ఆదాయ, కుల ధ్రువపత్రాలు, 1బీ, అడంగల్ లాంటి భూమి కాగితాలు, రైస్ కార్డులో మార్పులు, ఈకేవైసీ... రోజంతా ఇదే పని. అలాంటి నాకు మెయిన్స్‌లో స్థానిక సంస్థల్లో ఈ-గవర్నెన్స్ మీద ప్రశ్న కనిపిస్తే ఎగిరి గంతేయాలనిపించింది. తీరా రాసిందేమిటి? 2006 జాతీయ ఈ-గవర్నెన్స్ ప్రణాళిక, 27 మిషన్ మోడ్ ప్రాజెక్టులు, పారదర్శకత, జవాబుదారీతనం. చివర్లో కాస్త డిజిటల్ అంతరం. ఎవరో డిక్టేట్ చేసిన నోట్స్ అచ్చుగుద్దినట్టు దింపాను. మార్కులు చూస్తే అన్ని పేపర్లలోకీ అదే తక్కువ.

ఆ వారమే ఒక అవ్వ కౌంటర్ దగ్గరికొచ్చింది. కొత్త పింఛను దరఖాస్తు రిజెక్టయింది. కారణం తెరిస్తే, అర్హత తేల్చే ఆరు దశల ధ్రువీకరణలో కరెంటు దగ్గర ఎర్రగా ఉంది: నెలకు 300 యూనిట్లు దాటింది. "పాపా, మా ఇంట్లో రెండు బల్బులు, ఒక ఫ్యాను. మున్నూరు యూనిట్లు యాడ కాల్తాయి?" అంది. వివరాలు లాగితే ఎక్కడో వేరే ఊళ్లో ఉన్న మీటరుకు ఆమె ఆధార్ లింకయి ఉంది. తప్పు నా స్క్రీన్ మీద కనిపిస్తోంది, సర్వీసు నంబరుతో సహా. సరిచేసే బటన్ మాత్రం నా లాగిన్‌లో లేదు. ప్రింటు తీసిచ్చి కరెంటాఫీసుకు పంపాను. అక్కడ రాయించుకొచ్చిన కాగితాన్ని స్కాన్ చేసి గ్రీవెన్స్ పెట్టాను. ఆ విడత దాటిపోయింది. తర్వాతి విడతలో వచ్చింది. మధ్యలో ఆ అవ్వ ఎన్నిసార్లు తిరిగిందో నాకు తెలుసు, ప్రతిసారీ నా ఎదురుగానే కూర్చుంది కాబట్టి.

నా జవాబులో లేనిది ఇదేనని ఆ రాత్రి అర్థమైంది. పాత నోట్స్ పక్కన పడేసి అదే విషయాన్ని మళ్లీ రాసుకున్నాను. 1999లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఈసేవకు ముందొచ్చిన ట్విన్స్ పైలట్, 2001లో ఈసేవ: బిల్లులన్నీ ఒకే కౌంటర్లో. 2011లో మీసేవ: తహసీల్దారు సంతకం డిజిటల్ అయింది. 2019లో కౌంటర్ ఊళ్లోకే వచ్చింది. 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. పాతికేళ్లలో కౌంటర్ బంజారాహిల్స్ నుంచి చేతిలో ఫోన్ దాకా నడిచొచ్చింది. డేటా సరిచేసే అధికారం మాత్రం ఆయా శాఖల దగ్గరే ఉండిపోయింది. రాజ్యాంగం 11వ షెడ్యూల్లో పంచాయతీలకు సంబంధించి 29 అంశాలున్నాయని అందరం రాస్తాం. ఆ అంశాల తాలూకు డేటా పంచాయతీ చేతిలో ఎంతుందో కూడా రాయండి. సర్పంచ్ గారే మా కౌంటర్ దగ్గర నిలబడి "అమ్మా, ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగిన రోజులున్నాయి.

పోలికకు తెలంగాణలో ఇళ్ల అనుమతుల కోసం తెచ్చిన ఆన్‌లైన్ విధానం టీఎస్ బీపాస్ తీసుకున్నాను. 2020 చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల వరకు, 10 మీటర్ల ఎత్తు దాటకపోతే స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి. ఫైలు కదలాల్సిన అవసరాన్నే చట్టం తగ్గించింది, పోర్టల్ దాని వెనక నడిచింది. ఈ తేడా రాస్తే జవాబు మీదవుతుంది. ఇంకోటి, 2020 ఏప్రిల్ 24న వచ్చిన, పంచాయతీల లెక్కలుండే కేంద్ర పోర్టల్ ఈ-గ్రామస్వరాజ్‌లో మీ ఊరి పంచాయతీ ఒక్కసారి తెరిచి ప్రణాళిక, చెల్లింపులు చూడండి. అరగంట పని. నాకు తెలిసిన ఆస్పిరెంట్లలో పదిమందికి ఒక్కరు కూడా చూడలేదు.

ఎకానమీకి ఎకనామిక్ సర్వే, బడ్జెట్ చదివాను. సైన్స్ అండ్ టెక్ వార్తాపత్రికతో సరిపెట్టాను. ఎస్సే ఆదివారాలు రాశాను. ఇంటర్వ్యూలో సగం సేపు మా సచివాలయం గురించే.

ఉద్యోగం మానేసి చదివుంటే మొదటిసారే వచ్చేదని మా బావ ఇప్పటికీ అంటాడు. ప్రొబేషన్లో 15 వేల జీతంతో ఇల్లు నడిచిందని ఆయనకు తెలియదా? సెలవు పెట్టకపోవడం త్యాగమేమీ కాదు, గతిలేకే. నాలుగున్నరకు లేచి ఏడు దాకా చదివేదాన్ని, పండగైనా సరే. టైం లేదనేవాళ్లు ఫోన్లో స్క్రీన్‌టైం చూసుకుని అప్పుడు మాట్లాడండి. కోపం తెచ్చుకోకండి, నేనూ చూసుకున్నాకే చెబుతున్నా.

నోట్స్ అడిగేవాళ్లకు: ఉన్నది ఒక్క లాంగ్ నోట్‌బుక్. అందులో సగం పేజీలు కౌంటర్లో రిజెక్టయిన దరఖాస్తులు, వాటి కారణాలు. పేర్లు, ఆధార్ నంబర్లు కొట్టేసి ఫోటోలు తీయాలి. రిలీవింగ్ ఆర్డర్ వచ్చేదాకా ఆ సీటు నాదే, రేపు పొద్దున మళ్లీ డ్యూటీ. ఆదివారం దాకా ఆగండి.