కొండ ముందా, పట్టాలు ముందా

ఇవాళ ఆదివారం, పొద్దున్నుంచీ ఒళ్లంతా ప్లాస్టరే. టేబుల్ మీద నేను కడుతున్న మోడల్ రైల్వేలో అరకు ఘాట్ కొండ ఒక పక్క ఓ కొలిక్కి వచ్చింది, అంటే మొదటి పూత రంగులు పడ్డాయి, చెట్లు మాత్రం ఇంకా లేవు.

ఈ కొండల దగ్గర నాకు మొదట్నుంచీ ఒక పేచీ ఉంది. అసలు రైల్వేలో కొండ ముందు ఉంటుంది, పట్టాలు తర్వాత వస్తాయి. మోడల్‌లో అంతా తిరకాసు, పట్టాలు వేసి, బండి సాఫీగా తిరుగుతోందని చూసుకుని, అప్పుడు కొండ పెడతాం. అందుకే చాలా లేఅవుట్లలో, అంటే ఇలా బల్ల మీద పరిచిన మోడల్ రైల్వేల్లో, కొండ పట్టాల మీద బోర్లించిన గంపలా ఉంటుంది, అటొక చిల్లు ఇటొక చిల్లు పెట్టి సొరంగం అనేస్తారు. పక్కనుంచి పోయే దారుంటే ఏ ఇంజనీరైనా కొండ తొలుస్తాడా? అరకు మీదుగా పోయే కొత్తవలస - కిరండూల్ లైనులో 58 సొరంగాలున్నాయంటే ఎవరో సరదాపడి తవ్వినవి కావు. లైను లోయ అంచునే పాక్కుంటూ పోతుంటే పైనుంచి కొండ కొమ్ము ఒకటి అడ్డంగా దిగుతుంది, చుట్టి రావడానికి చోటుండదు, ఇక తొలుచుకుని పోవాల్సిందే. నేనూ ఇవాళ ఆ కొమ్ము ఒక్కటే కట్టాను. వెనక గోడ దాకా ఎత్తుగా, ముందుకొచ్చేసరికి లోయలోకి జారిపోతూ.

ఎత్తు సంగతి ఆలోచిస్తే నవ్వొస్తుంది. ఆ లైనులోని శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంది. నాది హెచ్ఓ స్కేలు, అంటే 1:87, అసలు దాంట్లో 87వ వంతు, ఆ లెక్కన నా బల్ల మీద పదకొండు మీటర్ల పైన రావాలి, మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు దాటుతుంది! ఇక చడావు చూస్తే అక్కడ 1:60, అంటే అరవై మీటర్లు పోతే ఒక మీటరు ఎక్కుతుంది. మోడల్‌లో ఒక లైను ఇంకో లైను మీదుగా దాటాలంటే ఎంత లేదన్నా ఎనిమిది సెంటీమీటర్లు లేవాలి, దానికి దాదాపు ఐదు మీటర్ల పట్టాలు పోతాయి, అంత చోటు మన ఇళ్లలో ఎక్కడిది. అందుకని పట్టాలని ఎక్కించడం మానేసి నేలనే కిందికి దించాను. ప్లైవుడ్ ముందు భాగం కోసేసి, పట్టాలకి జానెడు కిందుగా లోయ అడుగు బిగించాను. పట్టాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, చూసేవాళ్లకి మాత్రం బండి కొండెక్కినట్టే ఉంది. అరకు బండిలో కిటికీ దగ్గర కూర్చున్నప్పుడు మనం చూసేదీ అదే కదా, శిఖరాలు ఎవరు చూస్తారు, అందరూ కిందికే చూస్తారు.

థర్మకోల్ ముక్కలు ఫెవికాల్‌తో పేర్చి (వేరే ఘాటు జిగురు ఏది వాడినా థర్మకోల్‌ని తినేస్తుంది), రంపంతో చెక్కి, పైన ప్లాస్టర్ కట్టు చుట్టాను. విరిగిన చేతులకి కట్టేదే, మెడికల్ షాపులో దొరుకుతుంది. చుట్టే ముందు మన దగ్గరున్న అన్నిటికంటే పొడుగు రైలు పెట్టెని సొరంగంలో చేత్తో తోసి చూసుకోవాలి. వంపులో పెట్టె నడుము లోపలికి, చివర్లు బయటికి వస్తాయి, గోడకి రాసుకుందంటే మళ్లీ కొండ పగలగొట్టాలి. కొండ వెనక చెయ్యి పట్టేంత కంత వదిలాను, బండి పట్టాలు తప్పితే ఎక్కడ తప్పుతుందో తెలిసిందే, చెయ్యి చేరని చోటే.

మధ్యాహ్నమంతా రాళ్లకే సరిపోయింది. వంటింట్లో ఉండే అల్యూమినియం ఫాయిల్‌ని ఉండ చుట్టి, పూర్తిగా సాపు కాకుండా విప్పి, అందులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, అది జున్నులా గట్టిపడుతుండగా కొండకి అదిమి పట్టుకోవాలి. చేతికి వేడి తగులుతుంది, అంటే పట్టుకుంటోందన్న మాట. ఫాయిల్ ఒలిస్తే పగుళ్లూ అంచులూ అన్నీ రాయే. రంగు దగ్గర మాత్రం చాలామంది బూడిదరంగు కొట్టి ఊరుకుంటారు, అది ఆల్ప్స్ పర్వతాలకి సరిపోతుందేమో గానీ మన తూర్పు కనుమలకి కాదు. మనది ఖోండలైట్, ఎండకీ వానకీ తుప్పు పట్టినట్టు ఎర్రబడే రాయి. మా వెనక కొండ దగ్గర్నుంచి తెచ్చిన ముక్క ఎదురుగా పెట్టుకున్నాను: తుప్పు రంగు, మధ్యలో బూడిద చారలు, ఎండలో తిప్పితే ముదురెరుపు గార్నెట్ చుక్కలు. కాబట్టి ముందు పల్చగా పసుపు, దాని మీద మచ్చలు మచ్చలుగా జేగురు, చివర్లో నీళ్లలాంటి నలుపు. ఆ నలుపు పగుళ్లలోకి దానంతటదే పాక్కుంటూ పోతుంటే చూస్తూ కూర్చోవచ్చు.

సాయంత్రం అమ్మ వచ్చి చూసి, "ఒరేయ్, బొమ్మల కొలువులో చేసినట్టు ఆవాలు చల్లరా, నాలుగు రోజుల్లో పచ్చగా లేస్తాయి" అంది.

"తడి తగిలితే ప్లాస్టర్ పోతుందమ్మా."

"పోతే పోనీ, నీకు మళ్లీ కట్టడం ఇష్టమేగా!"

అలా అంటూనే నేను తెచ్చిన ఎర్రమట్టిని మూకుట్లో వేయించి, టీ వడకట్టుతో జల్లించి ఇచ్చింది. ఆ మట్టిని కాయితం మీద పరిచి అయస్కాంతం తిప్పితే నల్లటి నూగు ఎంత అంటుకొచ్చిందో. అది తీయకుండా చల్లితే నేరుగా ఇంజిన్ మోటారులోకి పోతుంది. మన మట్టిలో ఇనుముంది మరి, ఆ లైను వేసిందే ఇనుప ఖనిజం కోసం, 1960ల్లో, ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి విశాఖ రేవుకి దించి జపాన్ పంపడానికి.

చెట్ల సంగతి వచ్చే వారం. కాఫీ తోటల నీడకి వేసే సిల్వర్ ఓక్‌లు కావాలి, కానీ ఇరవై మీటర్ల చెట్టుని స్కేలు ప్రకారం చేస్తే 23 సెంటీమీటర్లు వస్తుంది, కొండ కాస్తా గుట్టైపోతుంది. కింద పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి పెట్టాలి. గడ్డిలా చల్లడానికి రంపంపొట్టు కోసం వడ్రంగికి చెప్పి ఉంచాను, పచ్చరంగు మాత్రం రెండు మూడు రకాలుగా కలపాలి, ఒకటే పచ్చ అయితే పెళ్లి పందిట్లో కార్పెట్‌లా ఉంటుంది.