పంతొమ్మిది మంది పార్ట్‌నర్లు

2025 నవంబర్ 2, ఆదివారం

పొద్దున ఆరుంపావుకి టెన్నిస్ కోర్టుకి వెళ్ళేసరికి మాస్టారు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. రాకెట్ సంచిలోంచి బయటికి తియ్యలేదు. మొన్నటి మొంథా తుపాను వానకి కోర్టులో ఓ మూల ఇంకా చెమ్మగానే ఉంది. ఎప్పుడైనా అయితే ఈపాటికి ఆయనే చీపురు పట్టుకుని నీళ్ళు తోసేస్తూ ఉంటారు. "ఏం మాస్టారూ, ఒంట్లో బాలేదా?" అన్నాను. "బానే ఉందమ్మాయ్. మోకాలే..." అని ఆగిపోయారు. ఎక్స్‌రే తీయించారట. కుడి మోకాల్లో గుజ్జు మొత్తం అరిగిపోయిందన్నాడట డాక్టరు. "ఇంక నేను ఆడనులే," అన్నారు. రేపు పాలు వద్దని పాలవాడికి చెప్పినంత మామూలుగా అన్నారు ఆ మాట.

ఏడేళ్ళుగా ఆయనా నేనూ ఒక జట్టు. పాప కోచింగ్ అయ్యేదాకా గ్రిల్లు బయట నిలబడి చూస్తూ ఉండే నన్ను, "ఊరికే నిలబడే బదులు ఓ రాకెట్ పట్టుకోరాదూ" అని లోపలికి పిలిచింది ఆయనే. నాకప్పుడు ముప్ఫై ఆరు. ఆయన ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. నేను సర్వీస్ చేసేటప్పుడు ఆయన నెట్ దగ్గర కాస్త వంగి, ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టి సైగ చేస్తారు. పిడికిలి బిగిస్తే ఉన్నచోటే ఉంటానని, చెయ్యి విప్పితే అటు దాటి బంతిని మధ్యలో కోసేస్తానని. ఉంగరపు వేలికి ఒక రాగి ఉంగరం. పొద్దుటెండలో అది తళుక్కుమంటే చెయ్యి విప్పారని నాకు తెలిసిపోతుంది. అవతలి జట్టుకి కనపడదు, నాకొక్కదానికే కనపడుతుంది. డబుల్స్‌లో నాకన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే. బంతి ఇంకా నా చేతిలోనే ఉంటుంది, ఆట ఎలా నడవాలో మా ఇద్దరికీ మాత్రమే తెలుసు.

ఇవాళ ఆడలేదు నేను. ఆయన పక్కన కూర్చుని టీ తాగి వచ్చేశాను.

ఇంటికొచ్చి పేపరు తెరిస్తే ఆటల పేజీ నిండా అమ్మాయిల వరల్డ్ కప్ ఫైనలే. న్యాయమే, నవీ ముంబైలో ఇవాళ అంత పెద్ద ఆట. మన టెన్నిస్ డబుల్స్ ఆటగాడు రోహన్ బోపన్న రిటైరయ్యాడని నిన్న ఫోన్లో చూశాను. పొద్దున కోర్టులో ఆ మాట విన్నాక, ఈ రెండు వీడ్కోళ్ళూ నా మనసులో విడివిడిగా ఉండటం లేదు.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నానే గానీ ధ్యాసంతా బోపన్న మీదే. కూర్గ్‌లో కాఫీ తోటలున్న ఇంట్లో పిల్లాడు. టెన్నిస్ మొదలుపెట్టింది పదకొండేళ్ళకి. ఈ రోజుల్లో ఐదేళ్ళకే పిల్లల్ని కోర్టులో వదులుతున్నారు, ఆ లెక్కన ఆలస్యమే. కాఫీ తోటల్లో పరుగెత్తి దమ్ము పెంచుకున్నానని, సర్వీస్‌కి బలం రావడానికి కట్టెలు కొట్టానని నిన్నటి వీడ్కోలు లేఖలో రాసుకున్నాడు. ఆ సర్వీస్ చూసినవాళ్ళకి ఆ కట్టెల సంగతి నమ్మబుద్ధవుతుంది. ఆరడుగుల పైచిలుకు మనిషి, భుజం తిప్పి కొడితే బంతి అవతల పడ్డ చప్పుడే ముందు వినిపిస్తుంది.

2010లో పాకిస్తాన్ ఆటగాడు ఐసాముల్ హక్ ఖురేషీతో కలిసి యూఎస్ ఓపెన్ ఫైనల్‌కి వెళ్ళాడు. యుద్ధం ఆపండి, టెన్నిస్ ఆడండి అనే మాటలున్న జాకెట్లు వేసుకుని తిరిగారు ఇద్దరూ. ఆ ఫైనల్లో బ్రయాన్ సోదరుల చేతిలో ఓడిపోయారు, రెండు సెట్లూ టైబ్రేక్‌లోనే, అంటే సెట్ 6-6 అయ్యాక తేల్చే ఆటలోనే. పురుషుల డబుల్స్‌లో మళ్ళీ ఓ గ్రాండ్‌స్లామ్, అంటే టెన్నిస్‌లోని నాలుగు పెద్ద టోర్నీల్లో ఒకదాని ఫైనల్ ఆడటానికి అతనికి పదమూడేళ్ళు పట్టింది. మధ్యలో 2017లో కెనడా అమ్మాయి గాబ్రియేలా డాబ్రోస్కీతో ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచాడు, అదీ మ్యాచ్ పాయింట్లు కాచుకుని, సూపర్ టైబ్రేక్ 12-10తో. ఆ మరుసటేడాది రియోలో... కాదు, రియో అంతకు ముందేడు, 2016. మన సానియాతో కలిసి ఒలింపిక్ పతకం దాకా వచ్చి నాలుగో స్థానంలో ఆగిపోయారు. ఆ కంచు పతకం మ్యాచ్ ఓడిన రాత్రి మా ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు. ఇప్పటికీ తలుచుకుంటే కష్టంగానే ఉంటుంది.

సానియాతో అతనికి అంతకన్నా పాత అనుబంధమే ఉంది. ఆమె పధ్నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు తొలి మిక్స్‌డ్ పార్ట్‌నర్ రోహనే. ఇద్దరూ కలిసి నేషనల్స్ గెలిచారు. ఇరవై రెండేళ్ళ తర్వాత, 2023 జనవరిలో, మెల్‌బోర్న్‌లో ఆమె చివరి గ్రాండ్‌స్లామ్ మ్యాచ్‌లో కూడా పక్కన ఉన్నది అతనే. ఫైనల్ ఓడిపోయారు. తన తొలి మిక్స్‌డ్ పార్ట్‌నర్ కూడా రోహనేనని మైకు పట్టుకుని చెప్తూ ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే పక్కన నిలబడ్డ అతని కళ్ళూ తడిసే ఉన్నాయి. మధ్యలో ఎవరి దారి వాళ్ళదైనా, మొదలూ చివరా ఒకే మనిషి పక్కన నిలబడటం ఎంతమందికి కుదురుతుంది?

ఆ మార్చి 5న ఎల్బీ స్టేడియంలో సానియా వీడ్కోలు మ్యాచ్‌కి మాస్టారూ నేనూ కలిసే వెళ్ళాం. బోపన్న కూడా వచ్చాడు. అంతకు ముందు రోజే అతనికి నలభై మూడు నిండాయి. మాస్టారు నా వైపు వంగి, "ఈ అబ్బాయి కూడా ఇంకెన్నాళ్ళులే అమ్మాయ్" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. రెండు వారాలు తిరక్కుండానే, అమెరికాలో ఇండియన్ వెల్స్‌లో ఆస్ట్రేలియా ఆటగాడు మాథ్యూ ఎబ్డెన్‌తో కలిసి టైటిల్ కొట్టాడు. గ్రాండ్‌స్లామ్‌ల తర్వాత మెట్టులో ఉండే మాస్టర్స్ 1000 టోర్నీ అంత వయసులో గెలిచినవాడు అంతకు ముందు లేడు. మర్నాడు కోర్టులో మాస్టారు రాకెట్‌ని చెంపకి ఆనించుకుని, "నేను తప్పు లెక్క కట్టాను" అన్నారు. ఫిజిక్స్ మాస్టారి నోట ఆ మాట అరుదు.

ఆ ఏడాది సెప్టెంబర్‌లో యూఎస్ ఓపెన్ ఫైనల్. మొదటి సెట్ 6-2తో వీళ్ళదే. తర్వాత రాజీవ్ రామ్, జో సాల్స్‌బరీ పుంజుకుని గెలిచేశారు. ఆ మ్యాచ్‌లోనే ఒక బంతి తన చేతికి ఒరుసుకుని పోయిందని బోపన్న తనంతట తానే చెప్పి పాయింట్ వదులుకున్నాడు. అంపైర్ చూడలేదు, అవతలివాళ్ళూ గమనించలేదు. పదమూడేళ్ళ తర్వాత దొరికిన ఫైనల్ అది. మాస్టారికి అతను బాగా నచ్చింది గెలిచిన మ్యాచ్‌లో కాదు, ఇందులో. ఆయనా అంతే, బంతి గీత మీద పడితే ఎంత గట్టి పోటీలోనైనా "లోపలే" అంటారు, నేను పక్కనుంచి కళ్ళతో ఎంత చెప్పినా సరే.

2024 జనవరి 27, మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్, ఎబ్డెన్‌తోనే. ఇటలీ జంట బొలెల్లి, వావసోరి మీద 7-6, 7-5. టైబ్రేక్‌లో అవతలివాళ్ళకి ఒక్క పాయింటూ ఇవ్వలేదు. పురుషుల డబుల్స్‌లో అతని తొలి గ్రాండ్‌స్లామ్. అరవై ఒకటో ప్రయత్నంలో, పంతొమ్మిది మంది పార్ట్‌నర్లతో ఆడాక. రెండు రోజులకి డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు, నలభై మూడేళ్ళకి. మొదటిసారి ఆ స్థానానికి వచ్చినవాళ్ళలో అంత పెద్దవాడు ఇంకెవరూ లేరు. అదే వారం పద్మశ్రీ. ఇవన్నీ అందరూ చెప్పుకునేవే.

నేను పదే పదే తలుచుకునేది మాత్రం 2021. ఆ ఏడాది మొదటి ఐదు నెలలు ఒక్క మ్యాచ్ గెలవలేదు అతను. ఒక్కటంటే ఒక్కటి కాదు. అప్పటికే మోకాళ్ళలో గుజ్జు లేదు. రోజుకి రెండు మూడు నొప్పి మాత్రలు వేసుకుని కోర్టులోకి దిగిన రోజులున్నాయి. ప్రతి వారం కొత్త ఊరు, హోటల్ గది, మొదటి రౌండ్, ఓటమి, మళ్ళీ విమానం. సింగిల్స్ స్టార్లకి ఉన్నంత డబ్బు డబుల్స్‌లో ఎక్కడిది? కోచ్‌కీ ఫిజియోకీ జీతాలివ్వాలి, ఇంట్లో చిన్న పాప. పోర్చుగల్‌లోని ఎస్టోరిల్‌లో సముద్రం ఎదురుగా కూర్చుని, ఇంక చాలించుకుంటానని భార్యకి వీడియో తీసి పంపాడట. మెల్‌బోర్న్‌లో కప్పు పట్టుకుని చెప్పాడు ఆ సంగతి.

ఆ వీడియో పంపాక ఆ సాయంత్రం ఏం చేసి ఉంటాడు? అన్నం తిని పడుకుని ఉంటాడా? మర్నాడు ప్రాక్టీసుకి వెళ్ళి ఉంటాడు, అది మాత్రం ఖాయం. ఎందుకంటే అతను మానలేదు. అంతకు ఏడాది ముందు, లాక్‌డౌన్‌లో, అయ్యంగార్ యోగా మొదలుపెట్టాడు. గోడకి కట్టిన తాళ్ళు, కుర్చీలు, బెల్టులు పెట్టుకుని ఒక్కో ఆసనంలో అలాగే నిలిచి ఉండే పద్ధతి అది. వారానికి నాలుగు రోజులు, రోజుకి గంటన్నర. మోకాలిలో గుజ్జు తిరిగి రాదు. చుట్టూ ఉన్న కండరం మాత్రం బరువు మోయడం నేర్చుకుంటుంది. మాత్రలు మానేశాడు. అలా ఆడినవాడే మూడేళ్ళకి నంబర్ వన్ అయ్యాడు.

మధ్యాహ్నం అంతా ఇదే తిరిగింది తలలో. ఈ సంగతంతా మాస్టారికి చెప్పాలి, ఆయన మనసు మార్చాలి. ఆయన వదిలేస్తానన్న మాట నాకు మింగుడు పడలేదు.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఇవాళ క్షీరాబ్ది ద్వాదశి. పిన్నిగారు తులసికోటలో ఉసిరి కొమ్మ గుచ్చి, చుట్టూ ప్రమిదలు పెడుతున్నారు. "రామ్మా, ఆ వత్తులు కాస్త తడిపి పెట్టు" అన్నారు. మాస్టారు అరుగు మీద కుర్చీలో కూర్చుని, పక్కన మరో కుర్చీ లాక్కుని కాలు దాని మీద చాపుకున్నారు. లోపల టీవీలో స్మృతీ, షెఫాలీ పరుగులు. నేను వత్తులు తడుపుతూనే మొదలుపెట్టాను. ఎస్టోరిల్, ఐదు నెలలు, వీడియో, యోగా, తాళ్ళు, గంటన్నర. ఆయన అడ్డు రాకుండా అంతా విన్నారు, క్లాసులో పిల్లల జవాబు వినే పద్ధతిలో.

"అరవై ఒకటోసారి అన్నావు కదూ?"

"అవును మాస్టారూ."

"పార్ట్‌నర్లు ఎంతమంది అన్నావు?"

"పంతొమ్మిది మంది."

"మరి ఆ మొదటి పద్దెనిమిది మందీ ఏమయ్యారు?"

నాకు వెంటనే జవాబు తట్టలేదు. కొంతమంది రిటైరయ్యారు, కొంతమంది వేరేవాళ్ళతో ఆడుకున్నారు, అన్నాను.

"వాళ్ళూ మోకాళ్ళు అరిగినవాళ్ళే అయ్యుంటారు. వాళ్ళు తప్పుకున్నారని ఆ అబ్బాయి ఆట మానేశాడా? నువ్వు బోపన్నని తెచ్చి నా పక్కన కూర్చోబెడుతున్నావు. నాకు అరవై తొమ్మిదమ్మా, డాక్టరు మెట్లు కూడా తగ్గించమన్నాడు. ఈ కథలో నేను ఆ పద్దెనిమిది మందిలో ఒకణ్ణి. బోపన్నవి నువ్వు."

ప్రమిద నూనె నా వేలి మీద కారింది. పిన్నిగారు చూసి తన కొంగుతోనే తుడిచారు, ఏమీ అనలేదు.

తర్వాత ఆయనే చెప్పారు ఎవరితో ఆడాలో. మూడో లైన్లో ఉండే ఇంజనీరింగ్ కుర్రాడు, రోజూ వెనక గీత దగ్గరే ఉండి బంతిని బాదే అబ్బాయి. నాకు ఆ బాదుడు నచ్చదు. అతను నెట్ దగ్గరికి రమ్మన్నా రాడు, ఎవరైనా పక్కనున్నారన్న ఊహే ఉండదు ఆ ఆటలో. అదే మాట అన్నాను. "నువ్వు మాత్రం? మొదటి నెలంతా నా వీపుకే కొట్టావు బంతులు," అన్నారు. నిజమే. ఒకసారి మెడ మీద తగిలి మూడు రోజులు ఎర్రగా ఉంది. ఆ మూడు రోజులూ రోజూ వచ్చారు ఆయన, నెట్ దగ్గరే నిలబడ్డారు, వెనక్కి తిరిగి చూడలేదు.

దీపాలు వెలిగాక ఇంటికొచ్చేశాను. పేపర్లో ఇంకో ముక్క కనపడింది. బోపన్న చివరి టోర్నీ మొన్న పారిస్‌లో, కజకిస్తాన్ ఆటగాడు బుబ్లిక్‌తో. మొదటి రౌండే, మూడో సెట్ సూపర్ టైబ్రేక్ దాకా వెళ్ళి ఓడిపోయారట. ఇరవై ఏళ్ళ పైన ఆడిన మనిషి, చివరి మ్యాచ్‌లో కూడా ఒక కొత్త పార్ట్‌నర్‌కి సైగలు చూపిస్తూనే ఉన్నాడన్నమాట. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఇది రాస్తుంటే హాల్లో మా వాళ్ళ కేకలు. దక్షిణాఫ్రికా వికెట్ ఏదో పడినట్టుంది. ఆ కుర్రాడికి మెసేజ్ పెట్టాను, రేపు ఆరుంపావుకి రమ్మని. బొటనవేలు బొమ్మ ఒకటి పంపాడు. మాస్టారికి ఫోన్ చేసి చెప్తే, తనూ వస్తానన్నారు, బెంచీ మీద కూర్చుంటారట. కోర్టు మూలన నీళ్ళు మాత్రం ఇకనుంచి మీరిద్దరే తోసుకోవాలి, చీపురు గ్రిల్లు వెనక ఉంటుంది అన్నారు.