రెండు గుల్లలు, ఒకటే జాతా?

మొన్న ఆదివారం మా మేనకోడలు జియాలజీ ప్రాజెక్టు కోసం దేవరపల్లి దగ్గర గౌరీపట్నం క్వారీకి వెళ్తుంటే అమలాపురం నుంచి నేనూ తోడు వెళ్లాను. పైనా కిందా నల్లరాయి, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా, మధ్యలో లేత రంగు సున్నపురాయి పొర, దాంట్లో గుల్లలు! అప్పట్లో సముద్రం అక్కడిదాకా ఉండేదంటే ఒళ్లు పులకరించింది.

రెండు గుల్లలు ఏరాను, ఒకటి చిటికెన వేలంత, ఇంకోటి బియ్యపు గింజంత. "ఇవి రెండు జాతులు" అనేశాను. "తొందరపడకండి మావయ్యా, చిన్నది పిల్ల కావచ్చు" అంది.

బతికున్నవాటికైతే రెండూ కలిసి సంతానం కంటున్నాయా అని చూడొచ్చు, డీఎన్ఏ తీయొచ్చు, ఇంత పాత రాతిలో ఆ దారులు రెండూ మూసుకుపోయాయి, మిగిలింది ఆకారమే. అందుకే ఒక్క గుల్లతో తేల్చరు. వీలైనన్ని ఏరి పొడవు, వెడల్పు, చుట్లు, వాటి మీది గీతలు కొలిచి గ్రాఫులో పెడతారు. చుక్కలన్నీ ఒకే గుంపులో కలిసిపోతే ఒకే జాతి అయ్యే అవకాశం ఎక్కువ. మధ్యలో ఖాళీ వచ్చినా వెంటనే కొత్త పేరు పెట్టేయకూడదు, అది ఆడామగా తేడా కావచ్చు. అమ్మోనైట్లలో (ఎప్పుడో అంతరించిపోయిన, చుట్లు తిరిగిన గుల్లలున్న సముద్రజీవులు) అలా వేర్వేరు పేర్లు పడ్డ పెద్దవీ చిన్నవీ చాలావరకు ఒకే జాతి జంటలని ఇప్పుడు అనుకుంటున్నారు.

ఇంటికొచ్చి, అంతర్వేదిలో ఏరి డబ్బాలో దాచిన గుల్లలన్నీ చాప మీద పోశాను. ఒకే రకంలో తెల్లవి, గోధుమరంగువి, చారలవి. శిలాజాల్లో ఈ రంగులు చాలావరకు పోతాయి కదా, అందుకని రంగు పట్టించుకోకుండా స్కేలు పెట్టి కొలుస్తున్నాను, ఇప్పటికి నలభై అయ్యాయి.