మొదటి పాతిక కిలోలు ఎవరివి?

హనుమకొండలో సేంద్రియ సరుకుల కొట్టు పెట్టిన రెండో ఏడే నాకు పోటీ వచ్చింది. వయసులో పెద్దాయన కాబట్టి ‘అన్నా’ అనే పిలుస్తాను. కానీ నేను మాట్లాడి పెట్టుకున్న పసుపు రైతుల దగ్గరికే వెళ్లి క్వింటాలుకు 500 ఎక్కువిచ్చి వచ్చిన ఏడు, ఆ పిలుపు పళ్ల బిగువున వచ్చేది.

ఇంతలో హైదరాబాద్ నుంచి టన్ను పసుపు పొడికి బేరం వచ్చింది. నా దగ్గరున్న కొమ్ములు 6 క్వింటాళ్లే. మిగతాది ఎవరి దగ్గర ఉందో వేరే చెప్పాలా? ముందు ఫోను చేసింది ఆయనే, అది ఒప్పుకోవాలి.

ప్యాకెట్ మీద ‘సేంద్రియ’ అని రాసి దుకాణాల్లో పెట్టాలంటే, 2017 నిబంధనల ప్రకారం ఎన్‌పీఓపీ (గుర్తింపున్న సంస్థలు తనిఖీ చేసి ఇచ్చేది) గానీ పీజీఎస్ (రైతులే ఒకరికొకరు పూచీ పడేది) గానీ ధ్రువీకరణ ఉండాలి. మా ఇద్దరి రైతులూ పీజీఎస్ బృందాలవాళ్లే. కనీసం 5 మంది బృందంగా చేరి, ఒకరి చేనును ఒకరు చూసి సంతకం పెట్టే పద్ధతి అది. రైతులకున్న ఆ నమ్మకం మాకు లేదు. సరుకు కలిపి ఒకే నమూనా ల్యాబుకు పంపితే పరీక్ష ఖర్చు సగమయ్యేది. ఆయన పసుపులో పురుగుమందు తేలితే నాదీ మునుగుతుందని నా భయం, ఆయన భయమూ అదే. చెరొకటి పంపాం. డబ్బు పోయినా నిద్ర పట్టింది.

అసలు గొడవ మర దగ్గర. మిరపకు పేరున్న ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊళ్లో ఏ మరలోనైనా ఎక్కువగా ఆడేది మిరపకాయే. రోజంతా బాడుగకు తీసుకుని, బ్రష్షులతో దులిపి, గాలి కొట్టించినా, మొదట పడ్డ పొడి ఇటుక రంగులో ఉంది. చిటికెడు నాలుక మీద వేసుకుంటే చురుక్కుమంది. అసలు రంగు తేలేసరికి 25 కిలోల కొమ్ములు ఖర్చయ్యాయి. అది సేంద్రియమని అమ్మడానికి లేదు, మామూలు పసుపుగానూ పనికిరాదు. పోసింది నా బస్తా కాబట్టి నష్టం నాదేనన్నాడాయన. శుభ్రమైన మర ఇద్దరికీ కావాలి కదా అన్నాను. అరగంట వాదులాడుకున్నాం. చివరికి మరలో పనిచేసే కుర్రాడు విసుగెత్తి కాటా తెచ్చి మా మధ్య పెట్టాడు. నాకు పోయిన దానిలో సగం కొమ్ములు అన్న తన బస్తాలోంచి తూచి ఇచ్చాడు.

ఈ ఏడు రైతుల దగ్గర అన్న మళ్లీ 300 పెంచాడు. నేను 350 అన్నాను. మర మాత్రం ఇద్దరి పేరునా ఒకే రోజుకు మాట్లాడి పెట్టాం.